కాగితానికి పసుపు

శివపార్వతి లేచేసరికి వీధిలో మగ్గాల చప్పుడు ఇంకా మొదలుకాలేదు. ఆషాఢం ముసురు. వసారాలో దండేనికి వేసిన నూలు చిలపలు రాత్రంతా ఉన్నా ఆరలేదని చేత్తో తడిమి చూసి నిట్టూర్చింది. స్నానం చేసింది, దేవుడి దగ్గర దీపం వెలిగించింది, పాలు పొయ్యి మీద పెట్టింది. రోజూ చేసే పనులే. ఆ రోజు మాత్రం పాలు పొంగేలోగా ఆమె ఇంకో పని చేసింది. చిన్న గిన్నెలో ఇంత పసుపు నీళ్ళతో కలిపి, కొంగు చాటున పట్టుకుని, చప్పుడు కాకుండా ముందు గదిలోకి నడిచింది.

ఆ గదిలో ఒకప్పుడు ఆమె భర్త వీరభద్రయ్య మగ్గం ఉండేది. ఆయన పోయిన రెండేళ్ళకు మగ్గం తీసేశారు. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంట మీద చెక్కలు పరిచి, చెక్కల మీద బల్ల వేశారు. నిన్నటి నుంచి ఆ బల్ల మీద తెల్లటి ప్రింటరు ఒకటి కూర్చుని ఉంది. కింద కాగితాల సొరుగు, పైన మూత, పక్కన చిన్న ఆకుపచ్చ దీపం.

నిన్న సాయంత్రం ఆ దీపం నిలకడగా వెలగడానికి మూడు గంటలు పట్టింది. కోడలు మాధురి అట్టపెట్టె విప్పి, అక్కడక్కడా అంటించిన నారింజ రంగు టేపులన్నీ పీకి, నల్లపొడి ఉన్న డబ్బాను అటూ ఇటూ ఊపి లోపల అమర్చింది. "వైర్లెస్ అత్తయ్యా. తీగలు అక్కర్లేదు. ఫోన్లో నొక్కితే చాలు," అని చెప్పింది.

"మరి వెనకాల ఆ తీగేంటమ్మాయ్?"

"అది కరెంటు వైరత్తయ్యా. అది లేకపోతే ఎట్లా?"

ఇంట్లో వైఫైకి రెండు పేర్లు ఉన్నాయట. ప్రింటరుకు ఒకటే నచ్చుతుందట. ఆ సంగతి తెలిసేసరికి మాధురి నెత్తి పట్టుకుంది, శివపార్వతి కొడుకు దుర్గాశంకర్ రూటర్ను పడగ్గది నుంచి ఊడదీసి గుమ్మం మీద మేకుకు వేలాడదీశాడు. చివరికి అతను పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ ఫోన్లో నొక్కితే ముందు గదిలో కాగితం సర్రున బయటికి వచ్చింది. ఒక అడ్రసు. పేరు, ఊరు, పిన్‌కోడు, కింద నల్లటి గీతల బార్‌కోడు. ఊపిరి తీసి వదిలేంతలో అయిపోయింది.

మాధురి చప్పట్లు కొట్టింది. శివపార్వతి కూడా నవ్వింది. కానీ ఆ కాగితం చూస్తుంటే ఆమె గుండెలో ఏదో జారిపోయినట్టయింది.

ఆరేళ్ళుగా ఈ ఇంటి నుంచి వెళ్ళే పార్శిళ్ళ మీద అడ్రసులు రాస్తున్నది ఆమే. ఊహ తెలిసినప్పటి నుంచి నూలు కండెలు చుట్టిన చెయ్యి అది. బడి ముఖం చూడలేదు. భర్త పోయాక, యాభై నాలుగో ఏట, కొత్తగా కాపురానికి వచ్చిన మాధురి రాట్నం పక్కన కూర్చుని, క్యాలెండరు కాగితాల వెనక ఆమె చేత అక్షరాలు దిద్దించింది. "ఇప్పుడు మీకిష్టమైన పేరు ఒకటి రాయండి," అని కోడలు అడిగిన రోజున శివపార్వతి చాలాసేపు ఆలోచించి 'వీరభద్రయ్య' అని రాసింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నోటితో పలకని పేరు అది. నోటితో అనకూడదు గానీ చేత్తో రాయకూడదని ఎవరూ చెప్పలేదు కదా అనుకుంది. ఆ తర్వాత కోడలు వాట్సాప్‌లో చీరలు అమ్మడం మొదలుపెట్టింది. తెలుగు ఊళ్ళకు వెళ్ళే పార్శిళ్ళ మీద నల్ల మార్కరుతో, ఒక్కో అక్షరం అచ్చు గుద్దినట్టు, శివపార్వతి రాసేది. ఏలూరు, తణుకు, ఖమ్మం, నంద్యాల. ఆ ఊళ్ళేవీ ఆమె చూడలేదు. అయినా ఆమె రాతతోనే పార్శిళ్ళు చేరాల్సిన గుమ్మం చేరేవి.

ఇక ఆ పని లేదు. నిన్న ఆ కాగితం సర్రున వచ్చినప్పుడు, 'ఇది పాడైపోతే బాగుండు' అని ఒక్క క్షణం అనుకుంది. అనుకున్న వెంటనే లెంపలు వేసుకుంది. కోడలు దానికోసం ఎంత కష్టపడిందో తెలిసి కూడా అలా అనుకున్నందుకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

అందుకే ఈ పసుపు. వీరభద్రయ్య ఉన్నన్నాళ్ళూ కొత్త పడుగు నూలు ఎక్కించిన ప్రతిసారీ మగ్గానికి ఆమే పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆయన పోయాక, పక్కింట్లో కొత్త మగ్గం వేసిన రోజున అలవాటు కొద్దీ గిన్నె అందుకోబోతే ఆడపడుచు మెల్లగా చెయ్యి పట్టుకుని, "నువ్వు అట్లా కూర్చో వదినా," అంది. కోపంగా అనలేదు. మెల్లగానే అంది. ఆ తర్వాత శివపార్వతి ఏ శుభకార్యంలోనూ పసుపు గిన్నె ముట్టుకోలేదు.

ఇవాళ ఎవరూ చూడటం లేదు. సొరుగు లాగింది. పైన ఉన్న తెల్ల కాగితానికి, శుభలేఖకు పెట్టినట్టే, నాలుగు మూలలా వేలితో పసుపు అద్దింది. 'నిన్న నేననుకున్న మాట మనసులో పెట్టుకోకు. నా కోడలి మాట నిలబెట్టు,' అని ఆ యంత్రానికి మనసులోనే చెప్పి, సొరుగు మూసేసింది. ఇంతలో పాలు పొంగిన చప్పుడు వినిపించి వంటింట్లోకి పరుగెత్తింది.

తొమ్మిదింటికి మాధురి జడ ముడేసుకుని, ఫోను పట్టుకుని బల్ల ముందు కూర్చుంది. గది నిండా ప్లాస్టిక్ కవర్లలో మడిచిపెట్టిన చీరలు, ప్రతి కవరు మీదా ఒక నంబరు. మొత్తం తొంభై ఆరు. హైదరాబాదులో జెస్సికా అనే ఆవిడ ఆన్‌లైన్లో బట్టలు అమ్ముతుంది. శ్రావణ మాసం కోసం ఆవిడ దగ్గర ఆర్డరు పెట్టినవాళ్ళకు చీరలు నేరుగా మంగళగిరి నుంచే వెళ్ళాలి. చేతిరాత అడ్రసులు కుదరవు, ఆవిడ పంపే బార్‌కోడు లేబుళ్ళే అంటించాలి. సాయంత్రం నాలుగింటికి కొరియర్ వ్యాను వస్తుంది. ఈ విడత సరిగ్గా వెళితే ఏడాది పొడుగునా తమకు నేసే నాలుగు మగ్గాలకు చేతినిండా పని. వెళ్ళకపోతే ఆవిడ ఇంకొకరిని చూసుకుంటుంది.

"ఇదిగో అత్తయ్యా, ఒకటో నంబరు," అని మాధురి ఉత్సాహంగా ఫోన్లో నొక్కింది.

ప్రింటరు గురగురమంది. లోపల ఏదో నలిగిన చప్పుడు వచ్చింది. ఆగిపోయింది. పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలిగింది.

"ఏమైంది?" అంటూ దుర్గాశంకర్ కాఫీ గ్లాసుతో వచ్చాడు.

"కాగితం ఇరుక్కున్నట్టుందండీ. వీడియోలో చూశాను, వెనక మూత తీసి లాగాలి." మాధురి మూత తీసి లాగింది. ఒకటి కాదు, రెండు కాగితాలు ఒకదానికొకటి అంటుకుని, ముద్దగా నలిగి, చిరిగి వచ్చాయి. వాటి మీద నల్లపొడి, దాని మధ్య వేడికి కమిలిన మరక. మాధురి ఒక ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఇదేంటి? తడిగా ఉందేంటి? పచ్చగా... కూర చేత్తో ఎవరైనా ముట్టుకున్నారా?"

వసారాలో కూర్చుని కండె చుడుతున్న శివపార్వతి చేతిలో రాట్నం ఆగిపోయింది. ఆ మరక ఏమిటో ఆమెకు ఒక్క చూపుకే తెలిసింది.

"అత్తయ్యా, మీరు గానీ ప్రింటరు దగ్గరికి వెళ్ళారా?"

"నేనటు పోలేదే," అంది శివపార్వతి.

ఆ మాట ఆమె నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకునే దారి కనిపించలేదు.

మాధురి మళ్ళీ నొక్కింది. ఈసారి కాగితం బయటికి వచ్చింది గానీ బార్‌కోడు మీదుగా ఒక నల్లటి చార, అంచున మట్టిరంగు మరక. మూడోది అంతే. నాలుగోది అంతే. మిగతా నంబర్లన్నీ కలిపి ఒకసారి నొక్కింది. ఆపింది, కరెంటు తీసి పెట్టింది, మళ్ళీ నొక్కింది. కాసేపటికి ప్రింటరు ఏ మాటా వినకుండా ఎర్రదీపం పెట్టుకుని కూర్చుంది.

"జిరాక్స్ షాపుకి పోదాం పద. పెన్‌డ్రైవులో వేసుకుని..." అన్నాడు దుర్గాశంకర్.

"వద్దండీ. మళ్ళీ ఆ షాపుకా? మొన్న ఉగాదికి ఏమైందో మర్చిపోయారా? మన అడ్రసుల ఫైలు వాళ్ళ కంప్యూటర్లో ఉండిపోయింది. వారం తిరక్కుండా మన కస్టమర్లందరికీ వేరేవాళ్ళు ఫోన్లు చేశారు. ఆ దెబ్బకేగా ఇది కొన్నది! ఇప్పుడు జెస్సికా గారి కస్టమర్ల నంబర్లు కూడా అట్లా బయటికి పోతే, ఆవిడ మనల్ని గుమ్మం కూడా తొక్కనివ్వదు."

శివపార్వతి రాట్నం ముందు నుంచి కదలకుండా ఆ మాటలు వింది. ప్రింటరు ఎందుకు కొన్నారో ఆమెకు ఇప్పుడే సరిగ్గా తెలిసింది. తన రాత బాగోలేక కాదు. తన చెయ్యి వణుకుతోందని కాదు. ఎవరూ చెప్పలేదు, తను అడగలేదు. ఇన్నాళ్ళూ మనసులో ఏదో ఊహించుకుని కుమిలిపోయింది. ఇప్పుడు చెప్పేస్తే బాగుండును. కానీ ఏమని చెప్పాలి? భర్త పోయిన ఆడది కొత్త వస్తువుకు పసుపు పెట్టింది, అది పూట తిరక్కుండా పాడైపోయింది అని చెప్పాలా? నిన్న పాడైపోవాలని కోరుకున్న మనిషే చెప్పాలా?

"అత్తయ్యా." మాధురి గుమ్మంలో నిలబడి ఉంది. గొంతు పైకి లేవలేదు. "నిజం చెప్పండి. ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. ఆయన నిద్ర లేచిందే ఎనిమిదింటికి. నేను ముట్టుకోలేదు."

"చెప్పాను కదమ్మా."

"మీకు ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు. నిన్న మేమంతా సంబరపడుతుంటే మీ మొహం నేను చూడలేదనుకున్నారా?"

"మాధురీ!" అన్నాడు దుర్గాశంకర్.

"నన్నాపకండి. ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టొచ్చు. నాలుగు మగ్గాల వాళ్ళు దీని మీద ఆధారపడి ఉన్నారు. పొద్దున వాళ్ళలో తిరుపతిరావు బాబాయి వచ్చి, 'ఏమ్మా, ఈ ఏడాదంతా పని ఉన్నట్టేనా?' అని అడిగితే, ఉంటుంది బాబాయ్ అని చెప్పాను. ఆయనకేం మొహం చూపించాలి నేను?"

శివపార్వతి తల దించుకుని కండెకు దారం చుడుతూనే ఉంది. దారం తెగింది. మళ్ళీ ముడి వేయబోతే కొసలు కనిపించలేదు. కంటి నిండా నీళ్ళు.

దుర్గాశంకర్ విజయవాడలో ప్రింటరు కొన్న షాపుకు ఫోన్ చేశాడు. వాళ్ళు మెకానిక్ కరిముల్లాను పంపారు. అతను వచ్చేసరికి పన్నెండు దాటింది. నలభై ఏళ్ళ మనిషి, వాన కోటు విప్పి గుమ్మం బయట దులిపి, "వారధి మీద జామ్ సార్, గంట పట్టింది," అంటూ లోపలికి వచ్చాడు. చిన్న లైటు నోట్లో పట్టుకుని ప్రింటరు డొక్క విప్పాడు. నల్లపొడి డబ్బా తీశాడు, దాని కింద నీలంగా మెరిసే గొట్టంలాంటిది తీశాడు. దాన్ని వెలుతురులో తిప్పి చూసి, నాలుక చప్పరించాడు.

"డ్రమ్ము పోయింది మేడమ్. ఏదో అట్టకట్టి గీరుకుపోయింది. వెనక వేడి రోలరుకు కూడా అంటుకుని కాలిపోయింది. ఇందాక ఇరుక్కున్న కాగితం పారేశారా?"

మాధురి చెత్తబుట్టలోంచి ముక్కలు ఏరి ఇచ్చింది. కరిముల్లా వాటిని చెక్కల మీద పరిచి, చిరిగిన బట్టను కుట్టడానికి జత చూసుకునేవాడిలా ఒకదాని పక్కన ఒకటి చేర్చాడు. కాగితం నిండుగా తయారైంది. నాలుగు మూలలా నాలుగు మరకలు.

"పడితే ఒక చోట పడుతుంది మేడమ్. ఇది పడింది కాదు, లెక్కగా పెట్టింది." వేలితో రుద్ది చూసి నవ్వాడు. "పసుపు!"

దుర్గాశంకర్ మెల్లగా తల తిప్పి తల్లి వైపు చూశాడు. "అమ్మా?"

శివపార్వతి లేచి నిలబడింది. "నేనే పెట్టాను," అంది. "పొద్దున. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి పెట్టాను."

మాధురి చేతిలోని ఫోను బల్ల మీద పెట్టేసింది.

కరిముల్లాకు గదిలో గాలి మారినట్టు అర్థమైంది. సామాను సంచిలో సర్దుకుంటూ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏం కాదమ్మా. దీనికి తడి పడదు, అంతే. తడి కాగితం రెండోదాన్ని అంటిపెట్టుకుని పోయింది, లోపల వేడికి పసుపు కాలి అతుక్కుంది. తడమ్మా, తడి. ఇంకేం లేదు. మా అమ్మ సుగ్రా బీ అయితే మొన్న కొత్త ఫ్రిజ్ తెస్తే తలుపు తీసి లోపల సాంబ్రాణి పొగేసింది. నెల రోజులు పెరుగన్నం తిన్నా సాంబ్రాణి వాసనే! అమ్మలంతే సార్. కొత్త డ్రమ్ము గవర్నర్‌పేటలో మా షాపులో ఉంది. కుర్రాణ్ణి పంపితే సాయంత్రమవుతుంది. మీరు బండి తీయండి, ఇద్దరం పోయి రెండున్నరకల్లా తెచ్చేద్దాం."

దుర్గాశంకర్ తల్లిని చూశాడు, భార్యను చూశాడు. బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఇద్దరాడవాళ్ళు మిగిలారు. పక్కింటి మగ్గం టకటకమని ఆడుతోంది. మాధురి చీరల కవర్ల మధ్య చెక్కల మీద కూలబడింది.

"పసుపు పెట్టినందుకు కాదత్తయ్యా," అంది చివరికి. "ప్రింటరు పోతే పోయింది. నేను అడిగాను కదా. రెండుసార్లు అడిగాను. మీరు నా మొహం చూసి లేదన్నారు. నేను పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో మీరు నాతో అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి. పాడవ్వాలనే పెట్టారేమో అని కూడా అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నాచేత ఎందుకు అనిపించారు?"

"అనుకున్నాను," అంది శివపార్వతి.

"ఏంటి?"

"పాడైపోతే బాగుండని నిన్న అనుకున్నాను. ఒక్క క్షణమే. నువ్వు చప్పట్లు కొడుతుంటే, ఇంకీ ఇంట్లో నాకేం పని మిగిలిందీ అనిపించింది. నువ్వు నేర్పిన అక్షరాలమ్మా అవి. వాటితో ఆరేళ్ళు మనిషిలా బతికాను. ఆ పాపపు తలంపు పోవాలనే పొద్దున పసుపు పెట్టాను. మంచి జరగాలనే పెట్టాను. ఆ పైవాడి మీద ఒట్టు."

"మరి ఆ మాట చెప్పడానికేం?"

శివపార్వతి తన అరచేతుల వైపు చూసుకుంది. గోళ్ళలో ఇంకా పసుపు పోలేదు. "ఎట్లా చెప్పను? ఏ చేత్తో పెట్టాను? మీ మామయ్య పోయిన దగ్గర్నుంచీ ఎవరైనా నా చేత పసుపు పెట్టించారా? మా ఆడపడుచు ఆ రోజే పక్కన కూర్చోమంది. నేనే మర్చిపోయి, ఎవరూ చూడరని దొంగలా పోయి పెట్టాను. మొదటి కాగితానికే పాడైంది. నా చెయ్యి మంచిది కాదని నా నోటితో నేనే ఎట్లా చెప్పుకోనే?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎనిమిదేళ్ళుగా ఎవరి ముందూ ఏడవని మనిషి, ఆ మగ్గం గుంట మీది చెక్కల మీదే కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మాధురి కవర్లు పక్కకు జరిపి, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి అత్తగారి చేతులు రెండూ పట్టుకుంది. ఓదార్చడానికి పట్టుకున్నట్టు లేదు. కోపంగా పట్టుకుంది.

"ఈ వ్యాపారంలో మొదటి పార్శిల్ ఏ ఊరు వెళ్ళింది?"

"ఏంటే ఇప్పుడు?"

"చెప్పండి. ఏ ఊరు?"

"తణుకు. ఆకుపచ్చ చీర, జరీ అంచు."

"దాని మీద అడ్రసు రాసిందెవరు? మీరు. అప్పటికి మామయ్యగారు పోయి ఎన్నాళ్ళు? రెండేళ్ళు. ఆ చెయ్యి అప్పుడూ ఇదే చెయ్యి కదా! ఆరేళ్ళలో ఈ చెయ్యి రాసిన పార్శిల్ ఒక్కటంటే ఒక్కటి వెనక్కొచ్చిందా? నేను రాసినవి రెండొచ్చాయి. పదహారు వందల దాకా వెళ్ళాయత్తయ్యా. అవన్నీ చెడ్డ చేత్తోనే వెళ్ళాయా?"

శివపార్వతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"కరిముల్లా గారు ఏం చెప్పారు? తడి అన్నారు. ఆయన చెయ్యి అనలేదు. నేను గనక పెట్టి ఉంటే నా పసుపుకు కూడా ఇట్లాగే పోయేది." మాధురి పట్టు సడలించింది. "నాదే తప్పు. జిరాక్స్ షాపు సంగతి మీకు చెప్పలేదు. మీరు కంగారుపడతారని దాచాను. ప్రింటరు వస్తే మీ పనేంటని మీతో ఒక్క మాట అనలేదు. అక్షరాలు నేర్పినదాన్ని నేనే గదా, ఆ మాత్రం తట్టొద్దూ నాకు?"

"నువ్వూ నాతో చెప్పలేదు, నేనూ నీతో చెప్పలేదు," అంది శివపార్వతి ముక్కు తుడుచుకుంటూ. "సరిపోయింది."

మాధురి ఏడుస్తూనే నవ్వేసింది. "ఇప్పుడు లేవండి. అన్నం తినలేదు మనం."

రెండూ నలభైకి బండి వచ్చింది. కరిముల్లా కొత్త డ్రమ్ము బిగించి, వేడి రోలరును మెత్తటి బట్టతో తుడిచి, మూత వేశాడు. దీపం పచ్చగా మారింది. ఎవరూ ఏ బొత్తామూ నొక్కకముందే ప్రింటరు కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. ఒకటి, పది, ముప్పై.

"ఇదేంటి, నేనేం నొక్కలేదే!" అంది మాధురి.

"పొద్దున ఎన్నిసార్లు నొక్కారు మేడమ్? అవన్నీ లైన్లో నిలబడి ఉన్నాయి. ఇప్పుడు వరసగా వస్తున్నాయి."

నంబర్లు అడ్డదిడ్డంగా వచ్చాయి. కొన్ని రెండు, కొన్ని మూడు. మధ్యలో సొరుగు ఖాళీ అయితే మళ్ళీ నింపారు. ఆగేసరికి మూడుంపావు. బల్ల మీద నూట ఎనభైకి పైగా కాగితాలు. ఒకరికి రెండుసార్లు వెళ్ళకూడదు, ఎవరికీ వెళ్ళకుండా ఉండకూడదు. మాధురి ఆ కుప్పను చూసి తెల్లమొహం వేసింది.

శివపార్వతి అప్పటికే కింద కూర్చుంది. చేతులు బట్టకు తుడుచుకుని, తుడిచిన చేతిని చెంపకు ఆనించి, తడి లేదని చూసుకుని, "ఇట్లా తే," అంది. లేబులు పైన ఆర్డరు నంబరు ఉంది. ఇంగ్లీషు చదవలేదు గానీ అంకెలు ఆమెకు కొట్టిన పిండి. పడుగు పోగులు లెక్కపెట్టిన కళ్ళు అవి. పదుల చొప్పున పది వరసలు పరిచింది. రెండోసారి వచ్చిన కాగితాన్ని చటుక్కున పక్కకు తోసేస్తూ, నంబరు పిలుస్తూ పోయింది. మాధురి ఆ నంబరు చీర అందించింది. దుర్గాశంకర్ అంటించాడు. కరిముల్లా కూడా వెళ్ళకుండా, "ఇంకెంతసేపమ్మా, టేపు ఇటివ్వండి," అని కూర్చున్నాడు.

"ముప్పై ఏడు. అరవై నాలుగు," అని చివరి కాగితం నంబరు పిలిచి శివపార్వతి ఆగింది. లేబుళ్ళు అంటించిన కవర్లను మొదటి నుంచీ చూసింది. "ఒకటో నంబరేది?"

అందరూ వెతికారు. మాధురి నాలుక కరుచుకుంది. పొద్దున ఇరుక్కుపోయింది అదే. అది అయిపోయిందనుకుని రెండు నుంచే మళ్ళీ మళ్ళీ నొక్కింది.

"అత్తయ్యా, మీరు చూడకపోతే ఒకటో ఆవిడ పండక్కి చీర లేకుండా కూర్చునేది!"

ఫోన్లో ఒక్కసారే, జాగ్రత్తగా నొక్కింది. కాగితం సర్రున, తెల్లగా, మచ్చ లేకుండా వచ్చింది. శివపార్వతి దాన్ని రెండు చేతులతో అందుకుంది. వెచ్చగా ఉంది, అప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెలా. దానిని తనే కవరు మీద పెట్టి, టేపు వేసింది.

వ్యాను నాలుగూ పదికి వచ్చింది. తొంభై ఆరూ ఎక్కించుకుని వాన చినుకుల్లో మలుపు తిరిగి వెళ్ళిపోయింది. కరిముల్లా కాఫీ తాగి, "అమ్మా, సాంబ్రాణి మాత్రం వేయకండి. పొగ కూడా దీనికి పడదు," అని చెప్పి సెలవు తీసుకున్నాడు.

అప్పుడు మాధురి దేవుడి గూట్లోంచి పసుపు భరిణె తెచ్చింది. ఆ సమయానికి తిరుపతిరావు బాబాయి సంగతేమైందో కనుక్కుందామని వచ్చి వసారాలో చెప్పులు విడుస్తున్నాడు. ఆయన వెనకే పక్కింటి నుంచి శివపార్వతి ఆడపడుచు కూడా వచ్చింది. మాధురి వాళ్ళను చూసింది. చూసి కూడా ఆగలేదు. భరిణె అత్తగారి ముందు పెట్టి, అందరికీ వినిపించేలా అంది.

"పెట్టండి అత్తయ్యా. పొద్దున పెట్టింది లెక్కలోకి రాదు. ఈసారి పై మూత మీద. పొడి పసుపే."

శివపార్వతి ఆడపడుచు వైపు చూసింది. ఆవిడ ఏదో అనబోయింది. దుర్గాశంకర్ తల్లి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆవిడ నోరు మూసుకుని, కాసేపటికి, "పెట్టు వదినా," అంది.

మచ్చ గుండ్రంగా పడింది. తెల్లటి మూత మీద ఒక పచ్చటి చుక్క, దాని పక్కన వెలుగుతున్న చిన్న పచ్చదీపం. వీరభద్రయ్య మగ్గం ఉన్న చోట, ఆయన కూర్చున్న చోటనే.

మాధురి ఫోను తీసి అత్తగారి చేతిలో పెట్టింది. "ఇప్పుడు మీరొకటి నొక్కండి. తెలుగులో మీకిష్టమైన పేరు రాసి ఇక్కడ నొక్కితే చాలు."

శివపార్వతి ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ రాసింది. తిరుపతిరావు బాబాయి, ఆడపడుచు, కొడుకు అందరూ ప్రింటరు వైపే చూస్తున్నారు. కాగితం బయటికి వచ్చింది. మాధురి తీసి చూసింది. వీరభద్రయ్య పేరు ఉంటుందనుకుంది.

కాగితం మీద పెద్ద అక్షరాలతో, అచ్చు గుద్దినట్టు, 'మాధురి' అని ఉంది.